గుమ్మటం కింద గాలి

ఆదివారం ఉదయం ఆరు గంటలకు దీవి రాజధాని వలెట్టా రేవులో ఒక శవం తేలింది. వీపులో రెండు బుల్లెట్లు, ఎడమ బూటు మడమలో ఒక మైక్రోఫిల్మ్. పది గంటలకల్లా ఆ ఫిల్మ్ ఆరు ఫోటోలుగా మారి మేజర్ స్పీరు కమెంజూలి టేబుల్ మీదికి చేరింది.

"కూర్చో వీస్తిన్. ఇది ఎక్కడో చెప్పు."

ఏజెంట్ వీస్తిన్ జెరాఫా మొదటి ఫోటోకే గుర్తుపట్టాడు. పట్టకపోతేనే వింత. అది అతని సొంత ఊరు ఐన్ జర్కా, సాన్ బస్త్యాన్ చర్చి నేలమాళిగ. గుమ్మటాన్ని మోసే నాలుగు స్తంభాల పాదాలు, వాటి మధ్య కమానుల కప్పు. ఐదు ఫోటోలూ తాపీగా తిప్పాడు. ఆరోదాని దగ్గర ఆగిపోయాడు. అందులో ఒక మగవాడి చూపుడువేలు స్తంభం అడుగు రాయిని చూపిస్తోంది. ఆ వేలి గోరు నిలువునా చీలి ఉంది.

వీస్తిన్ తన కుడిచేతిని మెల్లగా ప్యాంటు జేబులోకి దించాడు. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా అతను రాతి గనిలో రంపం లాగినవాడు. ఆ గోరు చీలింది అక్కడే.

"మా ఊరి చర్చి సార్."

"ఆ వేలు ఎవరిది?"

"తెలీదు సార్."

పదకొండేళ్ల సర్వీసులో శత్రువులకు లక్ష అబద్ధాలు చెప్పి ఉంటాడు. మేజర్‌కి చెప్పింది ఇదే మొదటిది. చెవులు కాలిపోయాయి.

మేజర్ గమనించలేదు. ఆయనకి టైమ్ లేదు. "డాల్ఫిన్ ముఠా. టార్గెట్ మీ ఊరి పండగ పూజ. పొరుగు దేశాలు రెండు సముద్రం హద్దుల కోసం ఏడాదిగా కొట్టుకుంటున్నాయి. రేపు మన దగ్గర సంతకాలు. ఇవాళ ఆ ఇద్దరు రాయబారులూ మంత్రిగారి అతిథులుగా మీ చర్చిలో ముందు వరుసలో కూర్చుంటారు. వాళ్లు మన గడ్డ మీద చచ్చారంటే సాయంత్రానికల్లా రెండు వైపులా యుద్ధనౌకలు బయల్దేరతాయి. మధ్యలో మన దీవి. నేలమాళిగలో బాంబు పెట్టారు. టైమర్ మధ్యాహ్నం పన్నెండుకి."

"పూజ ఆపేద్దాం సార్!"

"ఆపితే అప్పుడే పేలుస్తారు. వాళ్ల మనిషి ఒకడు జనంలో ఉన్నాడు, జేబులో రిమోట్‌తో. జనం బయటికి కదిలినా, పోలీసు టోపీ కనపడినా నొక్కేస్తాడు. వాడి మొహం ఎవరికీ తెలీదు. బాంబుని ముట్టుకోవడానికి వీల్లేదు, ముడితే పేలుతుంది. సరిగ్గా పన్నెండుకి మీ ఊళ్లో బాణసంచా మొదలవుతుంది కదా? ఆ మోతలో ఈ మోత కలిసిపోతుంది. పాత కట్టడం, దానంతటదే కూలింది అనుకుంటారు." మేజర్ ఫోటో మీద వేలితో కొట్టాడు. "నాకు అర్థం కానిది ఒకటే. బాంబు సూట్‌కేసంత. ప్రపంచ యుద్ధంలో అయిదొందల కిలోల బాంబు మీ చర్చి పక్కనే పడితే ఒక్క రాయి కదల్లేదు. ఇంత చిన్నదాంతో ఎలా కూలుతుంది?"

"పక్కనుంచి కొడితే కూలదు సార్. గోడ రెండు పొరలు, మధ్యలో రాళ్ల ముక్కలూ సున్నమూ. మొత్తం మూడు గజాల మందం. సున్నం సిమెంటులా మొండికెయ్యదు, కాస్త ఒంగి దెబ్బ తింటుంది. మిగతాది బరువు చూసుకుంటుంది. ఆ రాళ్లని పట్టి ఉంచింది వాటి బరువే సార్. ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, అంతే."

"కిందనుంచి ఎత్తితే?"

వీస్తిన్ గొంతు తగ్గింది. "మూసిన గదిలో పేలితే గాలికి పోయే దారుండదు. కప్పుని పైకెత్తుతుంది. వేలెడు ఎత్తితే చాలు. మళ్లీ కూర్చునేటప్పుడు ఏ రాయీ తన చోట కూర్చోదు. స్తంభాలు జరుగుతాయి. ఆపైన గుమ్మటం... లోపల పన్నెండు వందల మంది ఉంటారు సార్."

"ఇదంతా ఆ ముఠాకి చెప్పిన వెధవ ఎవడో గానీ, దొరికితే చర్మం ఒలిచేస్తాను" అన్నాడు మేజర్. "నువ్వు వెళ్లు. అక్కడ మన మనిషి ఒకావిడ ఉంది. డాల్ఫిన్ జీతం తింటూ మనకి కబుర్లందిస్తుంది. రేవులో తేలిన శవం ఆవిడ ఫిల్మ్ ఇచ్చి పంపిన మనిషిదే. కోడ్ గుర్తుపెట్టుకో. 'ఈ ఏడు తేనె ఎలా ఉంది?' అంటుంది. 'కొండ పూల వాసనొస్తోంది' అనాలి నువ్వు."

పదిన్నరకి మోటార్ సైకిల్ ఎక్కాడు వీస్తిన్. పెట్టుడు మీసం, బాదం మిఠాయి అమ్మేవాడి తెల్ల కోటు, మెడలో పళ్లెం. డిపార్టుమెంటు మేకప్ నిపుణుడు గంట పట్టాల్సిన పనిని పది నిమిషాల్లో చేశాడు. ఎంత బాగా చేశాడంటే, ఊళ్లోకి అడుగుపెట్టగానే ఎదురైన మొదటి ముసలమ్మ "ఏరా వీస్తిన్, ఆ మీసమేంట్రా? పెళ్లి చూపులకా?" అంది. ఊళ్లో వాళ్ల లెక్కలో అతను నీళ్ల శాఖలో గుమాస్తా.

మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. వీధుల నిండా జెండాలు, బ్యాండు మేళం, నూనెలో వేగుతున్న ఖర్జూరం కజ్జికాయల వాసన. చర్చి మెట్ల దగ్గర, పాతకాలపు నల్ల ముసుగు కప్పుకున్న ఒక స్త్రీ అతని పళ్లెంలోంచి మిఠాయి ముక్క తీసుకుంది.

"ఈ ఏడు తేనె ఎలా ఉంది?"

"కొండ పూల వాసన..." వీస్తిన్ మాట సగంలో ఆగిపోయింది. ముసుగులోంచి రెండు పచ్చని కళ్లు చూస్తున్నాయి. ఓర్సోలా ఫెరాంతి! ఏప్రిల్‌లో బొలోన్యా యూనివర్సిటీ నుంచి వచ్చిన పాత కట్టడాల పరిశోధకురాలు. కనీసం అతను అలా అనుకున్నాడు.

"పళ్లెం కింద పడేస్తావు, గట్టిగా పట్టుకో" అందామె నవ్వకుండా.

"నువ్వా! ఆ రోజు నన్ను..."

"అవును, ఆ రోజు నిన్నే. ఒక్క మాట చెప్పనా? వేరే ఊళ్లో ఒక ఇంజనీరుని లొంగదీయడానికి నాకు మూడు వారాలు పట్టింది. నువ్వు ఒక్క కాఫీకే పడిపోయావు. నేనేం అన్నాను? 'ఎదుటి ఊరు హల్ తార్జా గుమ్మటం దీనికంటే గట్టిదట కదూ' అన్నాను. అంతే కదా?"

అంతే. ఆ మాటకి వీస్తిన్ కాఫీ కప్పు వదిలేసి, ఆమె చెయ్యి పట్టుకుని నేలమాళిగలోకి లాక్కుపోయాడు. రెండు గంటలు కొవ్వొత్తి పట్టుకుని తిప్పాడు. ఏ స్తంభం ఎంత మోస్తుందో, ఏ రాయి కదిలితే ఏం కదులుతుందో, హల్ తార్జా వాళ్ల దగ్గర ఇందులో పావు వంతు పనితనమైనా ఉందేమో చూసుకోమని సవాలు చేస్తూ వేలు పెట్టి మరీ చూపించాడు. ముద్దు అడగలేదు. పొగడ్త అడిగాడు. ఇప్పుడా సంగతి తలుచుకుంటే చర్చి మెట్ల కిందికి దూరిపోవాలనిపించింది.

"మరి ఇప్పుడెందుకు మాకు చెప్పావ్?"

"ఖాళీ చర్చి అన్నారు వాళ్లు. అర్ధరాత్రి అన్నారు." చర్చిలోకి వెళ్తున్న తెల్ల గౌన్ల చిన్నపిల్లలని చూసి ఆమె తల తిప్పుకుంది. "నాకూ సిగ్గుంటుంది వీస్తిన్. నీలాగా ముఖం ఎర్రబడదు, అంతే. ఏం చేద్దాం?"

"గాలికి దారివ్వాలి."

దారి ఒకటుంది. యుద్ధంలో విమానాలు మీద పడుతున్నప్పుడు ఐన్ జర్కా, హల్ తార్జా కలిసి కొండని తొలిచి ఒక సొరంగం చేశాయి. ఒక కొస ఈ నేలమాళిగలో, రెండో కొస లోయ అవతల హల్ తార్జా వాళ్ల రాతి గనిలో. రెండేళ్లు రెండు ఊళ్లూ అందులో కలిసి పడుకున్నాయి, కలిసి గంజి తాగాయి. అందులో దాచిన రెండు ఊళ్ల విగ్రహాల్లో ఏ సెయింటు కుడివైపు నిలబడాలన్న దాని మీద కొట్టుకు చచ్చాయి. యుద్ధం ముగిసిన వారానికే ఎవరి వైపు వాళ్లు గోడ కట్టేసుకున్నారు. ఐన్ జర్కా గోడ ఒంటి రాతి పొర. హల్ తార్జా వాళ్లు రెండు పొరలు కట్టి, దాని మీద గూడు చెక్కి, అందులో తమ ఊరి సెయింటు సాన్ రొక్కుని నిలబెట్టారు. ఇటు ఒక్కటే తెరిస్తే లాభం లేదు. రెండు గోడలూ పోవాలి.

"నువ్వు వెళ్లి పాపం ఒప్పుకో" అన్నాడు వీస్తిన్.

"ఏమిటి?"

"పూజ జరుగుతున్నా ఫాదర్ అంజ్లు పక్కన చెక్క బోనులో జనం ఒప్పుకునే పాపాలు వింటూ ఉంటాడు. అక్కడైతే ఎవడికీ అనుమానం రాదు. పన్నెండుకి అయిదు నిమిషాల ముందు, చర్చిలో భద్రపరిచిన సెయింటు ఎముకని ముద్దుపెట్టుకోవడానికి అందర్నీ పక్క మండపాల వైపు పిలవమను. రాయబారులతో సహా. ఎవరూ బయటికి పోవద్దు, కానీ గుమ్మటం కింద ఎవరూ ఉండొద్దు."

ఓర్సోలా వెళ్లి బోను ముందు మోకరిల్లింది. ఆమె చెప్పిన వాటిలో పాపమెంతో, ప్లానెంతో ఫాదర్‌కే తెలియాలి. లేచినప్పుడు మాత్రం ఆయన చెమట తుడుచుకున్నాడు.

పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి వీస్తిన్ హల్ తార్జాలో సాన్ రొక్కు బ్యాండు క్లబ్బు గడప తొక్కాడు. ఐన్ జర్కా మనిషి, ఐన్ జర్కా పండగ రోజున. డొమినోలు ఆడుతున్న పాతికమంది చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"ఎవర్రా అది, జెరాఫా వాళ్లబ్బాయేనా?" గని మేస్త్రీ చెన్సు ముస్కాత్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి. వీస్తిన్‌కి రంపం పట్టుకోవడం నేర్పింది ఆయనే. "దారి తప్పావా? లేక మీ బ్యాండు భరించలేక పారిపోయొచ్చావా?"

క్లబ్బంతా నవ్వింది.

"చెన్సు మామా, మీ వైపు గోడ పడగొట్టాలి. ఇప్పుడే. సొరంగంలో గ్యాసు..."

"గ్యాసా?" ముసలాయన గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు కుడిచెయ్యి జేబులో పెట్టుకుంటావురా. గనిలో నా రంపం విరగ్గొట్టిన రోజు కూడా అంతే. చెప్పేదుంటే నిజం చెప్పు, లేదా మిఠాయి అమ్ముకో."

వీస్తిన్ చెయ్యి బయటికి తీశాడు. చెప్పాడు. అంతా చెప్పాడు. బాంబు సంగతి, రాయబారుల సంగతి, పన్నెండు వందల మంది సంగతి. ఆ తర్వాత మేజర్ ముందు పెదవి దాటని మాట కూడా చెప్పాడు. "ఒక ఆడమనిషి మీ గుమ్మటం గట్టిదంది మామా. నాకు కడుపు మండింది. మాది ఎంత గొప్పదో చూపించాలని ప్రతి రాయీ చూపించాను. నావల్లే ఇదంతా. మా ఊళ్లో వాళ్లకి కూడా తెలీదు. మీకే ముందు చెప్తున్నాను."

ఒక మూలనుంచి ఎవడో "అయితే పన్నెండుకి పడిపోతుందన్నమాట. కుర్చీలు బయటేసుకుందాం పదండ్రా" అన్నాడు. ఒకరిద్దరు నవ్వబోయారు. కిటికీ దగ్గర కూర్చున్న లావుపాటి బేకరీ యజమాని లేచి నిలబడ్డాడు. "మా అమ్మాయిని ఇచ్చింది ఐన్ జర్కాకే. మనవరాలు ఇవాళ తెల్ల గౌను వేసుకుంది" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

చెన్సు లేచి, గోడకున్న మేకు మీదనుంచి రాతి రంపం తీశాడు. "ఇది పట్టుకుపో. మీ ఊరివి మొద్దువి."

"మరి మీ గోడ?"

"సాన్ రొక్కు గూడు అది. కదపాలంటే కమిటీ కూర్చోవాలి. నా ఒక్కడి మాట కాదు."

"మామా, ముప్పావు గంటే ఉంది!"

"మరి ఇంకా ఇక్కడే నిలబడ్డావేం?"

నేలమాళిగలోకి దిగేసరికి పదకొండున్నర. పైన పాట సాగుతోంది. ఈశాన్యం స్తంభం పాదాన సూట్‌కేసు, దాని మీద చిన్న ఎర్ర దీపం. సరిగ్గా అతని వేలు చూపించిన రాయి పక్కనే పెట్టారు. మంచి విద్యార్థులు, పాఠం బాగా విన్నారు. సుత్తి దెబ్బ ఒక్కటి వేస్తే ఆ అదురుకే పేలిపోతుంది. అందుకే రంపం. ఆ దీవి రాయి మెత్తన. తెలిసినవాడి చేతిలో కర్రలా కోసుకుపోతుంది, చప్పుడు చెయ్యదు.

లాంతరు పక్కన పెట్టుకుని, వరసల మధ్య సున్నపు అతుకుల్లోకి రంపం దించాడు. తడిపాడు, లాగాడు, తడిపాడు, లాగాడు. మొదటి రాయిని ఒళ్లోకి తీసుకుని పసిపిల్లలా నేల మీద పడుకోబెట్టాడు. అవతల చీకటి. ముఖం అడ్డం పెట్టి చూశాడు. గాలి లేదు. ముక్కిపోయిన వాసన తప్ప ఏమీ లేదు. అంటే అవతలి గోడ అలాగే ఉంది.

రెండో రాయి. ఆరోది. తొమ్మిదోది. పదకొండూ నలభై అయిదు. చేతులు బొబ్బలెక్కాయి. కమిటీ కూర్చుందా? తీర్మానం రాస్తున్నారా? తను అక్కడ నిలబడి అడిగిన తీరు గుర్తొచ్చింది. వాళ్లెందుకు చెయ్యాలి? పాతికేళ్లుగా తను ఆ ఊరి గురించి అనని మాట లేదు. వాళ్ల పండగకి చెవుల్లో దూది పెట్టుకుని తిరిగిన వాళ్లలో తనే మొదటివాడు.

పదకొండూ యాభై అయిదు. గోడలో తలుపంత కన్నం. పైన ఫాదర్ అంజ్లు గొంతు, ఆ తర్వాత వందల పాదాలు పక్కలకి జరుగుతున్న చప్పుడు. లాంతరు మంట నిటారుగా, కదలకుండా నిలబడి ఉంది. వీస్తిన్ దాన్ని చూస్తూ నిలబడ్డాడు. పైకి పరిగెత్తాల్సినవాడు పరిగెత్తలేకపోయాడు. ఆ మంట అలాగే ఉంటే పరిగెత్తి ఎవరికి ముఖం చూపిస్తాడు?

యాభై ఏడు. మంట ఒకసారి వణికింది. పక్కకి వాలింది. మరుక్షణం సొరంగంలోంచి గాలి వచ్చి అతని ముఖాన్ని కొట్టింది. ఎండకి కాలిన గడ్డి వాసన, రాతి పొడి వాసన, దూరాన పాతికమంది అరుపులు. వీస్తిన్‌కి ఏడుపొచ్చింది. బతికినందుకు కాదు. ఆ గాలి ఎవరు పంపారో తెలిసినందుకు.

మెట్లు మూడేసి ఎక్కి, బరువైన తలుపు మూసి, గడియ పెట్టాడు. చర్చిలో గుమ్మటం కింద ఖాళీ నేల. గోడల వెంట జనం. ముందు వరుస రాయబారులిద్దరూ ఒకే ఎముకని ముద్దుపెట్టుకోవడానికి ఒకరికొకరు దారిచ్చుకుంటున్నారు. గంట మొదటి దెబ్బ కొట్టింది. బయట బాణసంచా లేచింది.

నేల ఉబ్బి కూర్చున్నట్టయింది. కొవ్వొత్తుల గుత్తులు ఊగాయి. పైనుంచి సున్నం పొడి మంచులా రాలింది. కమానులు ఒక్కసారి గట్టిగా మూలిగాయి. వీస్తిన్ కళ్లు మూసుకుని రాళ్ల మాట విన్నాడు. మూలుగు ఆగింది. ఏ రాయీ తన చోటు వదల్లేదు. లోయ అవతల, హల్ తార్జా గని నోటిలోంచి మాత్రం తెల్లటి దుమ్ము ఫిరంగి పేలినట్టు ఎగిసింది.

"అబ్బ! మొదటిదే అదిరిందిరా!" అని ఎవరో అరిచారు. చర్చంతా చప్పట్లు. బాణసంచా వాళ్ల గొప్పతనమనుకున్నారు.

చప్పట్లు కొట్టనివాడు ఒక్కడే. పక్క మండపంలో ఒక స్తంభం దగ్గర, నీలం సూటు మనిషి, పైకి గుమ్మటం కేసి చూస్తూ కోటు జేబులో వేలితో నొక్కుతున్నాడు. మళ్లీ నొక్కుతున్నాడు. మళ్లీ. వెనకనుంచి నల్ల ముసుగులో ఒక స్త్రీ అతని మణికట్టు సున్నితంగా పట్టుకుంది. "అది ఇక మోగదు, డార్లింగ్" అంది ఓర్సోలా. అప్పటికి వీస్తిన్ వాడి రెండో చెయ్యి విరిచి పట్టుకున్నాడు.

సాయంత్రం వీస్తిన్ గనికి వెళ్లాడు. గోడ లేదు, గూడు లేదు. సాన్ రొక్కు విగ్రహం ఒక వంటింటి కుర్చీ మీద ఎండలో నిలబడి ఉంది, నెత్తిన ఎవరిదో టోపీ. చెన్సు చేతికి కట్టు.

"మామా, ఎలా చెప్పాలో..."

"చెప్పకు. నువ్వేమీ చెప్పకు. నువ్వు నోరు విప్పితే ఏమవుతుందో చూశాం కదా." ముసలాయన రంపం వెనక్కి తీసుకుని పళ్లు తడిమి చూశాడు. "మీ గుమ్మటం నిలబడింది మావల్ల. ఈ ముక్క వందేళ్లు మేం చెప్పుకుంటాం. నువ్వు వినాలి. తల దించుకుని వినాలి. అదే శిక్ష."

"వింటాను మామా."

సోమవారం ఉదయం వీస్తిన్ నాలుగు పేజీల రిపోర్టు మేజర్ ముందు పెట్టాడు. మొదటి వాక్యం: "ఫోటోలోని వేలు నాది." కుడిచెయ్యి టేబుల్ మీద బోర్లా పెట్టి నిలబడ్డాడు. కిటికీ దగ్గర ఓర్సోలా తన వాంగ్మూలం రాసుకుంటోంది.

మేజర్ చదివాడు. ముఖం ముందు తెల్లబడింది, ఆ తర్వాత ఎర్రబడింది.

"పక్క ఊరి గుమ్మటం బాగుందన్నదని దేశ రహస్యం చెప్పేశావా? సిగ్గులేదూ?"

"ఉంది సార్. ఇప్పుడు నాకున్నది అదొక్కటే."

"బుద్ధుండాలి! అసలు ఆ రెండు గుమ్మటాలూ గుమ్మటాలేనా? మా ఊరిది చూశావా ఎప్పుడైనా? నాలుగు వందల ఏళ్లు. దాని బలమంతా ఎక్కడుందో ఒక్కడికీ తెలీదు. దక్షిణం వైపు మెట్ల కింద చిన్న తలుపుంటుంది. అది తీసి లోపలికి వెళ్తే..."

మేజర్ ఆగాడు. ఆయన చెవులు వీస్తిన్ చెవుల కంటే ఎర్రగా ఉన్నాయి.

కిటికీ దగ్గర ఓర్సోలా పెన్ను ఆపి, తలెత్తి, చాలా మర్యాదగా అడిగింది.

"దక్షిణం వైపే అన్నారు కదూ, మేజర్?"